మారిషస్ అవ్వ దాచుకున్న మాట

మారిషస్ ఎంత దూరమని అడగనివాళ్లు లేరు ఇప్పుడు మా పేరేసంద్రలో. బెల్లం కొనేదానికి అంగడికి వచ్చినవాళ్లు కూడా బెల్లం సంగతి మరిచి అదే అడుగుతాండారు. బెంగళూరు ఏర్‌పోర్టు నుంచి నేరుగా గీత గీస్తే నాలుగు వేల కిలోమీటర్లు దాటుతుంది. మేము ముంబైలో విమానం మారి పోయినాం కాబట్టి ఇంకా చుట్టు. అయినా ముంబైలో ఎక్కి కూర్చుంటే ఆరు గంటల చిల్లరకు ఆ దీవిలో దిగిపోతాం. బాగేపల్లిలో తిరుపతి బస్సు ఎక్కితే పట్టేటంత సేపే. "అంతేనా!" అని నా మొహం చూస్తారు, తూకంలో తక్కువేసినట్టు. అంతే మరి. మా పక్కన పోయొచ్చినవాళ్లు లేరు గదా, అందుకే కూర్చొని రాస్తాండాను.

పేరేసంద్ర

మాది కర్ణాటకలో, బెంగళూరు హైవే పక్కన చిల్లర అంగడి. ఏర్‌పోర్టుకు పోయే కార్లు పొద్దస్తమానం మా ముందర నుంచే పోతాయి. నీళ్ల బాటిళ్లు, బిస్కెట్లు కొనుక్కొని పోతారు. ఇన్నేళ్లలో నేను మాత్రం ఆ ఏర్‌పోర్టు గేటు దాటింది లేదు. దాటించింది పాట. ప్రతి శనివారం చింతామణిలో మా భజన గుంపు కూడుతుంది. అప్పుడప్పుడు కైవారానికి పోయి తత్వాలు పాడి వస్తాం. గుంపుకు పెద్ద చౌడప్పన్న. సాదలిలో మల్బరీ తోట పెట్టుకొని పట్టుపురుగులు మేపుతాడు. ఆయన గొంతెత్తితే మైకు అక్కరలేదు.

ఒకసారి కైవారంలో మేం పాడుతాంటే ఒకాయన కళ్లు మూసుకొని కడదాకా విన్నాడు. మారిషస్‌లో బడిపిల్లలకు తెలుగు నేర్పే మాస్టరు, పేరు సింహాద్రి. వాళ్ల తాతముత్తాతలు చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి పోయినోళ్లు. ఏడాది తిరిగేలోపల ఆయన ఫోన్ చేసి, వాళ్ల పల్లెలో కొత్తగా భజన మందిరం కట్టినామని, ఆరుమంది వచ్చి పాడిపోవాలని, టికెట్లు వాళ్లవేనని చెప్పినాడు.

నాకు సంతోషం కంటే భయమే ఎక్కువైంది. మేం మాట్లాడేది తెలుగే, బడిలో చదివింది కన్నడ. ఒకసారి తిరుపతి హోటల్లో సర్వరు నా మాట విని, "మీది తెలుగా, కన్నడమా?" అని నవ్వినాడు. సముద్రం దాటి పోయి అట్ల నవ్వించుకోవాలా?

"మనల్ని పిలిచింది పాడేదానికమ్మా, పరీక్ష రాసేదానికి కాదు," అన్నాడు చౌడప్పన్న. ఆయన దిగులు వేరే. పురుగులు నాలుగో జ్వరంలో ఉండాయి. పొర విడిచే ముందర పురుగులు మేత మాని పడుకునేదాన్ని మా పక్క జ్వరమంటారు. లేచినాక ఆకు ఎంతేసినా చాలదు. ఆ పని మొత్తం భార్య మీద వేసి వచ్చినాడు పాపం. దోవ పొడుగునా ఫోన్‌లో "లేచినాయా? లేచినాయా?" అని పురుగుల సంగతే.

గాలిలో

విమానంలో ముందు సీటు వెనకాల చిన్న టీవీ ఉండింది. దాంట్లో సినిమాలు, పాటలు ఎన్నో ఉన్నా చౌడప్పన్న అవేవీ పెట్టలేదు. ఒక నీలం పటం, దాని మీద చీమంత విమానం, కింద ఇంకెన్ని కిలోమీటర్లు, ఇంకెంత సేపు అని అంకెలు. ఆరు గంటలూ ఆయన దాన్నే చూసినాడు. కిటికీ బయట కూడా నీలమే. ఎంతసేపు చూసినా ఒక పడవ లేదు, ఒక మిట్ట లేదు.

"మనం కూర్చొని పోతాండాం," అన్నాడు నడుమలో. "ఆ కూలీలు ఇదే నీళ్ల మీద వారాలు వారాలు పోయినారంటమ్మా. ఎప్పటికి దిగేది చెప్పే అంకెలు కూడా లేకుండా."

అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక. దిగే ముందర చేతి వాచీ వెనక్కి తిప్పుకుంటా, "గంటన్నర వయసు తగ్గింది పో," అని ఆయనే నవ్వించినాడు.

రాగిపిండి పరీక్ష

దిగినాక మా సంచులు విప్పమన్నారు. అది దీవి కాబట్టి బయట నుంచి ఆకూ అలమూ రానియ్యరు. నేను కట్ట కట్టి తెచ్చిన కరివేపాకు నేరుగా చెత్తడబ్బాలోకి పోయింది. మా తోట కరివేపాకని ఎంత చెప్పినా ఆ ఆఫీసరమ్మకు ఎక్కలేదు. తర్వాత రాగిపిండి సంచి. వేలితో తీసి చూసింది, వాసన చూసింది, ఇంకొకాయనను పిలిచింది. ఇద్దరూ నన్ను చూసినారు. నాకు ఇంగ్లీషు నాలుగు ముక్కలకంటే రాదు. అప్పుడు చౌడప్పన్న ముందుకు వచ్చి గాలిలోనే ఎసరు పెట్టి, కట్టెతో గెలికి, ముద్ద చేసి, పులుసులో అద్ది గుటుక్కున మింగి చూపించినాడు. ఆఫీసరమ్మ పగలబడి నవ్వింది. పిండి వదిలేసినారు.

బయట సింహాద్రి పూలదండలతో నిలబడి ఉన్నాడు. చేతులు జోడించి, "మీ ప్రయాణము సుఖముగా జరిగినదా?" అన్నాడు.

మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అంత నిండు తెలుగు మా ఊర్లో ఎవరూ మాట్లాడరు.

"బాగా జరిగిండాదప్పా," అన్నాడు చౌడప్పన్న.

"జరిగిండాది," అని సింహాద్రి మెల్లగా అని చూసుకున్నాడు. "జరిగిండాది. ఇది పుస్తకములో లేదు. మరల చెప్పండి." ఆయన కళ్లల్లో ఎగతాళి లేదు. నా భయం ఏర్‌పోర్టులోనే సగం పోయింది.

చెరకు నడుమ

దోవకు రెండు పక్కలా చెరకే. చెరకు నడుమ అక్కడక్కడ నల్లరాళ్ల గుట్టలు, ఇంటెత్తు, పేర్చినట్టు. కొండలేమో అనుకున్నాను. కాదంట. చేను చేసేదానికి ముందు కూలీలు ఒక్కొక్క రాయి ఏరి కుప్ప పోసినవంట. మా బాగేపల్లి పక్క చేలల్లో కూడా రాళ్లు ఏరి గట్ల మీద వేస్తాం, చేతులు పగిలిపోతాయి. ఇంటెత్తు కుప్పలంటే ఎన్ని చేతులో! చౌడప్పన్న బండి ఆపమని, దిగి ఒక గుట్టను తాకి వచ్చినాడు.

మగవాళ్లకు సింహాద్రి ఇంట్లో, నాకు ఎదురింట్లో పడక. ఆ ఇంటామె పేరు పార్వతి. ఎనభై దాటినాయి. ఊరంతా ఆమెను తాంతిన్ అంటారు, అంటే వాళ్ల క్రియోలు భాషలో అత్తా, పిన్నీ అన్నట్టు. నేనూ అట్లే పిలిచినాను. గౌను వేసుకుంటుంది, నుదుట రూపాయంత కుంకుమ. పెరట్లో నా నెత్తిని మించిన కరివేపాకు చెట్టు! కారిపులే అంటారు దాన్ని. ఏర్‌పోర్టులో పోయిన కట్ట గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది.

తాంతిన్‌కు తెలుగు మాటలు కొన్నే వస్తాయి, అవీ సింహాద్రి పక్కన కూర్చొని నేర్చుకున్నవి. నాకు వచ్చిన హిందీ, ఆమెకు వచ్చిన హిందీ కలిపి మిగతాది నడిపించినాం. మొదటి పూట వీధిలో అమ్మే దాల్‌పూరి తెప్పించింది. చూస్తే అచ్చం మన ఒబ్బట్టే. కొరికితే తీపి లేదు! లోపల ఉప్పటి పప్పు, పైన చిక్కుడుగింజల కూర. జత నలభై రూపాయలు, అయితే వాళ్ల రూపాయి మన రూపాయికి రెట్టింపుకు దగ్గర. మన మసాలా వడ లాంటివి కూడా అమ్ముతారు, దానికేమో ఫ్రెంచి పేరు. మరుసటి దినం నేను రాగిముద్ద చేసి పప్పుపులుసు పోసినాను. తాంతిన్ నమలబోయింది. "నమలకూడదమ్మా, మింగాల," అంటే భయపడతా మింగి, గుండె మీద చెయ్యి పెట్టుకొని నవ్వింది.

మందిరంలో

మందిరం నిండిపోయింది. మొదట వాళ్లు పాడినారు. అందరి చేతుల్లో తెలుగు పుస్తకాలు. నా చేతికీ ఒకటిచ్చి, ఫలానా పేజీ అని చూపించినారు. నేను ఊరికే పట్టుకొని కూర్చున్నాను.

"చదవండి అమ్మా," అన్నాడు సింహాద్రి.

"నాకు తెలుగు అక్షరాలు రావప్పా. పాటలు కన్నడ అక్షరాల్లో రాసుకుంటాం."

ఆయన నమ్మలేదు. తర్వాత నమ్మి, నా పక్కనున్న ఆడవాళ్లకు వాళ్ల భాషలో చెప్పినాడు. వాళ్లు నోరు తెరిచినారు. వాళ్లకేమో అక్షరాలు గడగడా వస్తాయి, దాంట్లో ఉండే సంగతి తెలీదు. అంతే, ఒకామె నా పక్కకు జరిగి ఒక్కొక్క వరుస చదివేది, నేను దానర్థం హిందీలో, చేతులతో చెప్పేదాన్ని. వెనక నుంచి ఇంకా నలుగురు వంగి విన్నారు. ఆ పొద్దు మేం పాడిన పాటల కంటే ఆ చదువే నాకు బాగా జ్ఞాపకముంది. ఇప్పుడిది కూడా నేను కన్నడ అక్షరాల్లోనే రాసినాను. హిందూపురంలో ఉండే మా చిన్నమ్మ కూతురు తెలుగు అక్షరాల్లోకి దించి ఇచ్చింది.

ఆమె అడిగిన మాట

మరుసటి మధ్యాహ్నం తాంతిన్, నేను వరండాలో ఆకుకూర గిల్లుతాంటిమి. సింహాద్రి, చౌడప్పన్న కాఫీకి వచ్చినారు. ఆమె చేతిలో కూర పక్కన పెట్టి సింహాద్రికి ఏదో చెప్పింది. ఆయన కొంచెం సందేహించి మాకు చెప్పినాడు.

తాంతిన్ ఐదారేళ్ల పిల్లగా ఉన్నప్పుడు వాళ్ల అవ్వ చనిపోయిందంట. అవ్వది తెలుగు మాట. పిల్లకు వచ్చింది క్రియోలే. పోయే ముందర అవ్వ ఒక మాట అని కళ్లు మూసింది. ఇంట్లో పెద్దవాళ్లకు అది తెలిసే ఉంటుంది. ఈమెకు అడగాలని తోచే వయసు వచ్చేసరికి చెప్పేవాళ్లు లేరు. మాట పోకుండా మనసులో అనుకుంటా, అనుకుంటా ఇన్నేళ్లు దాచుకునింది.

"ఇండియా నుంచి ముందు కూడా వచ్చినారు గదా, అడగలేదా?" అంటిని.

"వారందరు పెద్దవారు. హోటలులో ఉండెదరు," అన్నాడు సింహాద్రి. "మా ఇంటిలో నిద్రించినది మీరే మొదట."

తాంతిన్ కాళ్లు దగ్గరికి పెట్టుకొని, బడిలో పద్యం చెప్పేటట్టు నిలకడగా చెప్పింది. "గుంత బువ్వ తినీసిందేతి."

ఇంకోసారి చెప్పమంటిని. అదే. బువ్వ అంటే అన్నం, అది తెలిసింది. తినీసింది అంటే తినేసింది. చివర ఆ ఏతి ఏమో అంతు చిక్కలేదు. గుంత? మా పక్క గుంత అంటే గొయ్యి. సింహాద్రి కూడా నిఘంటువులో చూసి గొయ్యి, మడుగు అని చెప్పినాడంట ఆమెకు. గొయ్యి అన్నం తినేసింది! మా పల్లెల్లో మనిషి పోతే గుంత తీయమంటారు, పూడ్చేదానికి. పోయే ప్రాణం గుంత మాట ఎత్తిందంటే, ఈ మనిషికి నేనేమని చెప్పేది?

నేను నోరు కదపకముందే చౌడప్పన్న కళ్లు మూసుకొని తల ఊపినాడు. "తత్వమమ్మా ఇది. గుంత అంటే ఈ కడుపు. ఎంత బువ్వేసినా నిండని గుంత. ఈ దేహం ఇంతే, ఆశ పెట్టుకోవద్దండి అని మహాతల్లి చెప్పి పోయింది."

సింహాద్రి దాన్ని ఎంతో గౌరవంగా మార్చి చెప్పినాడు. తాంతిన్ చేతులు జోడించింది. "మెర్సీ," అనింది, అంటే వాళ్ల భాషలో థ్యాంక్సని. తర్వాత ఆకుకూర గిన్నె ఎత్తుకొని లోపలికి పోయింది. పోయేటప్పుడు ఆమె మొహం చూసినాను. గుళ్లో దేవుడి ముందర ఏదో అడిగి, పూజారి ఇచ్చిన ఇంకేదో పట్టుకొని వచ్చినవాళ్ల మొహం అది.

పోర్ట్ లూయీ

వాళ్ల రాజధాని అది. కూలీలు ఓడ దిగి ఎక్కిన మెట్లు రేవులో ఇంకా ఉన్నాయి. నల్లరాతి మెట్లు, అరిగిపోయి, నీళ్ల దగ్గర నుంచి పైకి. తెలుగోళ్లను అక్కడ కొరంగీలనేవాళ్లంట, కోరంగి రేవులో ఓడెక్కినందుకు. చౌడప్పన్న ఆ మెట్ల కాడ గొంతు తగ్గించి ఒక తత్వం పాడినాడు. పోయేవాళ్లు ఆగి విన్నారు.

సంతలో సబ్జా గింజలేసిన చల్లని పాలు తాగినాం. ఎండకు హాయిగా ఉండింది. గాజు గ్లాసు జారి నా చీర మీద సగం పోయింది, గులాబీ రంగు మరక ఇప్పటికీ వదల్లేదు. తిరిగినంత సేపూ నా మనసు మాత్రం ఆ గుంతలోనే పడి ఉండింది.

తిరుగు దోవ

బయలుదేరే దినం తాంతిన్ నా నుదుట కుంకుమ పెట్టి, రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకునింది. అది వాళ్ల ఆచారం. మా వాళ్లలో పెద్దోళ్లు ముద్దు పెట్టుకునేది చంటిబిడ్డలనే. నాకు సిగ్గూ ఏడుపూ రెండూ వచ్చినాయి.

ఏర్‌పోర్టులో మా విమానం గేటు కాడ కూర్చున్నాం. పక్క కుర్చీలో ముప్పై ఐదేళ్ల మనిషి, చేతి గోళ్లల్లో సిమెంటు. ఫోన్‌లో గట్టిగా మాట్లాడతాండాడు.

"గుంటకి జొరం తగ్గినాదేటి? ... పడుకున్నాదా? సరే, లేపకు."

నేను నిక్కి కూర్చున్నాను. ఆయన ఫోన్ పెట్టేదాకా కూడా ఉండలేకపోయినాను. "ఏమప్పా, యా ఊరు మీది?"

ఆయన నవ్వినాడు. "శ్రీకాకులం పక్కనండి. ఇక్కడ తాపీ పనికొచ్చినాను. అప్పా అంటారేటమ్మా నన్ను? మా వైపు అప్పంటే అక్క."

"మా పక్క అప్పంటే పెద్దోళ్లను, మగోళ్లను పిలిచేది. అది పోనీ. గుంట అంటివే ఇప్పుడు, గుంట అంటే ఏమి?"

"గుంటంటే ఆడపిల్లండి. నా కూతురు, నాలుగేళ్లు. మగపిల్లోడైతే గుంటడంటాం."

తాంతిన్ చెప్పినట్టే ఆ మాటను నిలకడగా చెప్పినాను. క్రియోలు మాట్లాడే నోట్లో ట నిలవదు, త అయిపోతుంది. ఆ సంగతి నాకు అప్పుడు తోచింది. ఆయనకు తోచే పని కూడా లేదు. ఇట్టే అందుకున్నాడు.

"గుంట బువ్వ తినీసిందేటి? పాప అన్నం తినేసిందా అని అడుగుతున్నారండి. మా అమ్మ రోజూ ఫోన్‌లో అడిగేది అదే. ఎవరన్నారమ్మా?"

చెప్పినాను. మా ఫోన్లు అక్కడ పలకవు. ఆయన వెంటనే తన ఫోన్ నా చేతిలో పెట్టినాడు. సింహాద్రికి చేసినాను. మోగింది, ఎత్తలేదు. ఇంకోసారి. మమ్మల్ని దించి తిరుగు దోవలో బండి నడుపుతాంటాడు గదా. అంతలోకి అందరినీ వరసలో నిలబడమన్నారు.

విమానంలో చౌడప్పన్నకు సంగతి చెప్పినాను. "ఆయమ్మ బిడ్డ అన్నం సంగతి అడిగితే నేను వేదాంతం చెప్తినే," అన్నాడు. "పోయినాక ముందు ఫోన్ చెయ్యల్ల రత్నమ్మా. పురుగులు తర్వాత."

ఆ పొద్దు టీవీలో పటం చూసింది నేను. మూడు వేల కిలోమీటర్లు. రెండు వేల తొమ్మిది వందలు. చీమ కదల్లేదు. ఎనభై దాటిన మనిషి. ఇంతకాలం కాచుకున్న మాట నా దగ్గర ఉంది, ఆమె దగ్గర లేదు, నడుమ ఈ నీళ్లు. ఆరు గంటలని టికెట్లో రాసి ఉంటే ఉండనీ, నాకు అది ఆరు దినాలు.

చిక్కబళ్ళాపురం

ముంబైలో దిగేసరికి అక్కడ ముసలామె నిద్రపోయే పొద్దు. లేపద్దని ఆగినాం. మరుసటి దినం పొద్దున బెంగళూరులో దిగి, చిక్కబళ్ళాపురం బస్టాండు కాడ ఇడ్లీకి ఆగినప్పుడు చేసినాను. మాకు పది, వాళ్లకు ఎనిమిదిన్నర. సింహాద్రి ఎత్తినాడు. తాంతిన్ గేటు ముందే ఉన్నానని లోపలికి పోయి స్పీకర్ పెట్టినాడు.

"తాంతిన్, అది గుంత కాదు. గుంట. గుంట అంటే చిన్న ఆడపిల్ల. ఆడపిల్ల అన్నం తినేసిందా అని అడిగింది మీ అవ్వ. ఆ పొద్దు ఆ ఇంట్లో ఆడపిల్ల ఎవరుండారు?"

సింహాద్రి మార్చి చెప్పినాడు. ఈ పక్క కండక్టరు "చింతామణి, చింతామణి" అని అరుస్తాండాడు. నేను చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. చౌడప్పన్న ఇడ్లీ ముట్టకుండా నన్నే చూస్తాండాడు.

తర్వాత ఆమె మాట్లాడింది, చానాసేపు, క్రియోలులో. సింహాద్రి ఆగి ఆగి చెప్పినాడు. ఆయన పుస్తకం తెలుగు మొదటిసారి తడబడింది.

"ఆ ఇంటిలో పిల్ల ఆమె ఒక్కతే. ఆ దినము ఎవ్వరు పొయ్యి... ఎవ్వరు పొయ్యి వెలిగించలేదు. అందరు మంచము చుట్టు ఉండిరి. ఈమె తలుపు వద్ద నిలబడెను. అవ్వ ఆ మాట చెప్పగానే పినతల్లి వచ్చి, ఈమెను వంటింటికి తీసుకుపోయి, చల్ది అన్నము, పప్పు పెట్టెను. తినుచుండగా ఏడుపులు వినబడెను. అవ్వ పోయెను."

ఆమె ఇంకా చెప్పింది, ఆయన మళ్లీ మార్చినాడు.

"పిదప బంధువులందరు అనిరి, అవ్వ పోవుచుండగా ఈ పిల్ల అన్నము తినుచు కూర్చున్నది అని. చాలా సంవత్సరములు అనిరి. అందుకు ఈమె ప్రతి సంవత్సరము ఆ దినము ఏమియు తినదు. నేను కూడ ఇప్పుడే వినుచున్నాను. ఈమె మిమ్మల్ని అడుగుచున్నది... పినతల్లి తనంతట పెట్టలేదా? అవ్వ చెప్పినందుకే పెట్టినదా?"

నాకు బస్టాండంతా మసకైపోయింది.

"ఆమె అడగబట్టే పెట్టినారమ్మా," అంటిని. "నువ్వు తిండి కోసం పోలేదు తల్లీ. మీ అవ్వే నిన్ను అన్నానికి పంపించింది."

సింహాద్రి దాన్ని వాళ్ల భాషలోకి మార్చబోయినాడు. ఆయన నోరు తెరిచేలోపలే ఆమె గొంతు వినపడింది, తెలుగులోనే.

"అర్థమైనది, రత్నా," అనింది. "అర్థమైనది."